ఒక గడి ముందున్న బంటు

సంచి సర్దడం రిబ్కమ్మకు చేతకాని పని కాదు గానీ, ఒక పట్టాన తెమిలే పని కాదు. మూడు లుంగీలు పెట్టింది. మూడు పెడితే ఎక్కువ రోజులు ఉండిపోవాలని తానే కోరినట్టవుతుందని ఒకటి తీసేసింది. తీశాక, చాలకపోతే ఆసుపత్రిలో ఎవర్ని అడుగుతాడని మళ్ళీ పెట్టింది. ముందు గుండీలున్న చొక్కాలే తెమ్మన్నారట. ఛాతీ మీద కుట్లు పడతాయి గనక తల మీదుగా తొడిగేవి పనికిరావు. రెండు తువ్వాళ్ళు, స్టీలు గ్లాసు, చెంచా, పాత రిపోర్టుల కవరు, ఆధారు జిరాక్సులు, అరచేతిలో పట్టే బైబిలు. అన్నీ పెట్టి జిప్పు లాగింది. లాగి, మళ్ళీ తీసి గ్లాసుందో లేదో చూసింది.

“రిబ్కా, అది సంచీనా, కోళ్ళ గూడా? ఎన్నిసార్లు తెరుస్తావు?” అని వసారాలో వాలుకుర్చీలోంచి ఆమె అన్న ఏసోబు మాస్టారు కేకేశాడు.

“గ్లాసు పెట్టానో లేదోనని.”

“గ్లాసులు అక్కడ కూడా ఉంటయ్యి. అది కృష్ణ అవతలి ఊరు కాదు, విజయవాడ. గ్లాసు సంగతి సరే, నోటుబుక్కు పెట్టావా?”

“ఏ నోటుబుక్కు?”

“చదరంగం బుక్కు. నీలం అట్టది. బీరువా మీదుంది.”

“గుండెకి కోత పెట్టించుకోబోతూ చదరంగమేంటి అన్నయ్యా!”

“కోసేది గుండెనేగా, బుర్రని కాదుగా.”

ఆయనకు డెబ్భై నాలుగేళ్ళు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. భార్య పోయిన ఆయనా, భర్త పోయిన చెల్లెలూ తిరువూరులో చర్చి వెనక వీధిలో ఒకే ఇంట్లో ఉంటున్నారు. గుండెకు పోయే నాళాలు మూడు పూడుకుపోయాయని, ఛాతీ తెరవక తప్పదని విజయవాడ డాక్టర్లు తేల్చారు. గొల్లపూడిలో ఉండే ఆయన కొడుకు జయకర్ నాలుగింటికల్లా కారు తెస్తానన్నాడు. ఇప్పుడు ఒంటిగంట. మే నెల పన్నెండో తారీకు, సోమవారం. వీధిలో ఎండ సున్నం కొట్టినట్టు తెల్లగా కాస్తోంది.

ప్రయాణాలంటే రిబ్కమ్మకు భయం. ఆమె భర్త మరియదాసు లారీ మీద ఖమ్మం పోతూ, రాత్రికి వస్తాను, అన్నం ఉంచమని చెప్పి వెళ్ళాడు. ఆ అన్నాన్ని ఆమె మూడు రోజుల దాకా పారబోయలేదు. అది జరిగి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా గుమ్మం దాటుతుంటే, చెప్పాల్సిన మాట ఏదైనా మిగిలిపోయిందేమోనని వెతుక్కుంటుంది. అన్న విషయంలో మిగిలిపోయిన మాట ఏదీ లేదు. వెంకటప్పయ్య విషయంలో మాత్రం ఒకటుంది. తొమ్మిదేళ్ళుగా ఉంది.

వెంకటప్పయ్య ఇంకో గంటలో వస్తాడు. పొద్దున ఫోను చేసి చెప్పాడు. అన్న బయలుదేరే ముందు ఒకసారి కూర్చుని, ఎప్పటి తగువే మళ్ళీ ఆడి, సాగనంపి పోతాడు. అసలు ఆ తగువేంటో చెప్పకపోతే రిబ్కమ్మ గుండెలో బరువు ఎవరికీ తెలియదు.

బస్టాండుకు దగ్గర్లో ఎరువుల కొట్టు మీద పఠన మందిరం అని ఒకటి ఉండేది. పెన్షనర్లు చందాలు వేసుకుని నడిపేవారు. రెండు పత్రికలు, ఒక అలమారు పుస్తకాలు, కిటికీ పక్కన ఒక చదరంగం బల్ల. రిబ్కమ్మ అక్కడ ఊడ్చి, తుడిచి, మంచినీళ్ళు పట్టే పని చేసేది. బడికి పోని మనిషి. పత్రికలు మడతపెడుతూ పెడుతూ పెద్దక్షరాలు నేర్చింది, తర్వాత చిన్నక్షరాలు. చదరంగమూ అలాగే వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి మందిరం మూసేసేవారు. తెమలని ఆటను అలాగే ఉంచి, మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి వెళ్ళేవాళ్ళు. పొద్దున్నే వచ్చి గుడ్డ తీసి, ఒక్కో పావును ఎత్తి తుడిచి, ఎత్తిన గడిలోనే పెట్టడం ఆమె పని. రోజూ ముప్ఫై పావులు ఎత్తి పెట్టే చేతికి, ఏ పావు ఎందుకక్కడుందో మెల్లగా తెలిసొచ్చింది. కళ్ళకంటే ముందు చేతులకే తెలిసిందనాలి.

అక్కడ ఆడేవాళ్ళలో ఇద్దరే లెక్కకు వచ్చేవాళ్ళు. ఒకరు ఏసోబు మాస్టారు. రెండోవాడు రెడ్డిగూడెంలో పన్నెండెకరాల మామిడితోట ఉన్న వెంకటప్పయ్య. మాస్టారిది ఆచితూచి అడుగేసే ఆట. వెంకటప్పయ్యది ఒకటే ఎత్తుగడ. రెండో ఎత్తులోనే, రాజు పక్కన కాపలా ఉండే బంటును రెండు గడులు నడిపించి ఎదుటివాడి నోటికి అందించేవాడు. పుస్తకాల్లో దాన్ని కింగ్స్ గాంబిట్ అంటారు. పఠన మందిరంలో ‘తలుపు తీసే ఆట’ అనేవారు. బంటు పోతుంది, కానీ అది నిలబడ్డ దారి తెరుచుకుంటుంది. ఆ దారి వెంట ఏనుగు, మూలల వెంట శకటు, మీద నుంచి గుర్రం, అన్నీ కలిసి ఎదుటి రాజు మీద పడతాయి. పడితే గెలుపు. పడలేదా, బంటూ పోయింది, తన రాజు వీధిలోనూ పడ్డాడు. ఆ ఎత్తుగడ నిలిచేదా కాదా అన్నది వాళ్ళ తగువు.

ఇంకో సంగతి. బల్ల ముందు కూర్చున్నంతసేపూ ఇద్దరూ ‘నువ్వు’ అనుకునేవారు. లేచి నిలబడితే ‘మీరు’. ఎవరు పెట్టారో తెలియదు, అది వాళ్ళ ఆచారం.

రిబ్కమ్మ స్టూలెక్కి బీరువా మీద నుంచి నోటుబుక్కు దించింది. ఒకటి కాదు, అయిదున్నాయి. అన్నీ నీలం అట్టలే. పాతది ఏదో, కొత్తది ఏదో తెలుసుకుందామని ఒకటి తెరిచింది. మాస్టారు ఆటలు రాసుకునే పద్ధతి ఆమెకు తెలుసు. ఎడమ నుంచి కుడికి గడుల వరసలకు క, ఖ, గ, ఘ, చ, ఛ, జ, ఝ అని పేర్లు. కింది నుంచి పైకి అంకెలు. ఝ7 అంటే కుడి చివరి వరసలో ఏడో గడి, అంతే.

తెరిచిన పేజీ మీద తారీకు చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. 2016 ఆగస్టు పదకొండు. కింద ‘వాయిదా’ అని రాసి, ఏ పావు ఎక్కడుందో వరసగా రాసి ఉంది. నల్ల బంటు ఝ7. ఆ ఝ7 చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. పక్కన సన్నగా: ‘పొద్దున ఝ6లో ఉంది. రిబ్కా తుడిచింది.’

ఆమె స్టూలు మీదే కూలబడింది.

ఆ పొద్దున ఆమెకు నిన్నటిలా గుర్తుంది. తుడుస్తుంటే ఒక నల్ల బంటు చేతిలోంచి జారి, దొర్లుకుంటూ పత్రికల బల్ల కిందికి పోయింది. మోకాళ్ళ మీద పాకి తీసింది. తీసి చూస్తే, ఏ గడిలోంచి ఎత్తిందో ఒక్కసారిగా గుర్తు రాలేదు. చివరి వరస అని తెలుసు. ఏడా, ఆరా? మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. ఆరులో పెట్టేసింది.

వెంకటప్పయ్య వచ్చి కూర్చున్నాడు. ఎత్తు ఆయనదే. ముందు రాత్రంతా ఆలోచించుకుని, గుర్రాన్ని జ5 మీదికి దూకించాలని వచ్చాడు. తీరా చూస్తే ఝ6లో బంటు ఆ గడిని కాస్తోంది. దూకితే గుర్రం పోతుంది.

“నిన్న ఇది ఇక్కడుందే!” అని వేలు ఏడో గడి మీద పెట్టాడు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, “బుక్కు ఇంట్లో ఉందయ్యా” అన్నాడు.

రిబ్కమ్మ చేతిలో నీళ్ళ జగ్గుతో తలుపు దగ్గర నిలబడి ఉంది. అప్పటికి నెల కిందటే ఒక పుస్తకం కనపడలేదని కమిటీవాళ్ళు ఆమె మీద గట్టిగా అరిచారు. నోరు పెగల్లేదు. వెంకటప్పయ్య ఆ గడివైపు చాలాసేపు చూసి, చివరకు వేరే ఎత్తు వేశాడు. పదకొండింటికల్లా ఓడిపోయాడు. తలుపు తీసే ఆట పనికిరాదని ఆ రోజుతో మందిరం అంతా తీర్మానించేసింది.

ఓడిపోవడం పెద్ద సంగతి కాదు. వెంకటప్పయ్య తండ్రి ముసలితనంలో సొంత తోటకు దారి మర్చిపోయి, రెడ్డిగూడెం సెంటర్లో నిలబడి ఏడ్చినవాడు. కొడుక్కి ఆ భయం పుట్టి పెరిగింది. “ఆ రోజు నుంచే నా బుర్ర మీద నాకు నమ్మకం పోయింది రిబ్కమ్మా” అని నవ్వుతూ అనేవాడు. అప్పటినుంచి చొక్కా జేబులో చీటీలు. మోటారు కట్టేశాను. మాత్ర వేసుకున్నాను. గేటుకు తాళం వేశాను. ఆ చీటీలు చూసినప్పుడల్లా రిబ్కమ్మకు నడుములో ముల్లు గుచ్చినట్టుండేది. చెప్పాలనుకునేది. మందిరం మూతపడింది, ఆట ఈ ఇంటి వసారాలోకి మారింది, ఉద్యోగం పోతుందన్న భయమూ లేదు. అయినా చెప్పలేదు. తొమ్మిదేళ్ళు గడిచాక చెప్పడం ఇంకా కష్టం.

ఇప్పుడు ఈ ఎర్ర సున్నా. అంటే అన్నకూ తెలుసు.

ఆమె పేజీలు తిప్పింది. ఆ తర్వాత నోటుబుక్కు నిండా అదే ఆట. మిగతా నాలుగూ తెరిచింది, వాటి నిండా అదే ఆట. ‘ఝ7లో ఉంటే, గుర్రం జ5, అప్పుడు మంత్రి చ7.’ కొట్టివేత. ‘అప్పుడు ఏనుగు.’ కొట్టివేత. పేజీలకు పేజీలు. తొమ్మిదేళ్ళుగా తలుపు తీసే ఆట చెల్లదు చెల్లదని అన్న ఎందుకంత పట్టుగా వాదిస్తున్నాడో అప్పుడర్థమైంది. బంటు ఏడో గడిలో ఉన్నా గెలుపు తనదేనని తేలితే, ఆ పొద్దుటి మౌనం పాపం కాకుండా పోతుంది. అది తేలలేదు. అందుకే ఆసుపత్రికి కూడా తీసుకుపోతానంటున్నాడు.

ఆమె పుస్తకాన్ని సంచిలో లుంగీల అడుగున పెట్టింది. జిప్పు లాగింది. ఈసారి మళ్ళీ తెరవలేదు.

రెండు దాటాక వీధిలో మోపెడ్ చప్పుడైంది. వెంకటప్పయ్య నెత్తిన తువ్వాలు, ముందర రసాల బుట్ట. డెబ్భై రెండేళ్ళ మనిషి బుట్టను ఒంటి చేత్తో ఎత్తి గుమ్మంలో పెట్టాడు.

“మాస్టారూ, మీకు పనికిరావని తెలుసు. రిబ్కమ్మ కోసం తెచ్చాను. చిన్నరసాలు. ఈ ఏడాది కాపు మూడో వంతే.”

“షుగరున్నవాడి ముందు బుట్ట పెట్టి, మీకోసం కాదంటారేంటండీ! కూర్చోండి.”

కూర్చున్నారు. మధ్యన పీట మీద బోర్డు. పఠన మందిరం మూసేటప్పుడు మాస్టారు కొనుక్కొచ్చిన పాత బోర్డే. కూర్చోగానే మాటలు మారిపోయాయి.

“ఏం మాస్టారూ, ఆపరేషన్ కత్తి చూస్తే భయమేస్తోందా?”

“నీ ఆట చూసినదానికంటే తక్కువే. రెండో ఎత్తుకే రాజు కాపలా బంటుని పరాయోడి నోట్లో పెడతావు. ఇంటి తలుపు ఊడబీకి దొంగోడికిచ్చి, గాలి బాగా ఆడుతోందే అన్నట్టుంటుంది.”

“గాలి ఆడాలిగా మరి! తలుపేసుక్కూర్చుంటే ఉక్కపోతకి చస్తావు. కొమ్మ కొట్టందే మామిడి కాయదయ్యా.”

“కొమ్మ కొట్టు, కాదన్లా. నువ్వు మొదలు కొడతావు.”

“మొదలు కొట్టి కూడా నీ మీద ఎన్ని ఆటలు గెలిచాను? లెక్కల మాస్టారివిగా, చెప్పు.”

“నేను భయపడినప్పుడు గెలిచావు. ఎత్తు బాగుండి కాదు, ఎదుటోడు బెదిరి. నికరంగా ఆడేవాడి ముందు అది నిలవదు. జయకర్ ఫోన్లో పెట్టి చూశాడుగా, నల్లవాటిదే పైచెయ్యంది.”

“ఫోనుకి చెయ్యి వణుకుతుందా? మనిషికి వణుకుతుంది. అది లెక్కలో రాదా? సరేలే, నేనేం మాట్లాడతాను. ఆ పదకొండో తారీకు ఆటతోనే నా నోరు మూతపడింది. కళ్ళెదురుగా ఉన్న బంటుని రాత్రంతా ఇంకో గడిలో ఊహించుకున్నవాణ్ణి.” అని జేబు తట్టుకున్నాడు. చీటీలు కరకరమన్నాయి.

మాస్టారు ఎప్పట్లాగే కళ్ళజోడు తీశాడు. తుడవసాగాడు.

రిబ్కమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో మజ్జిగ గ్లాసులు. అదే తలుపు, అదే తుడుచుకోవడం, అదే మాట అనిపించింది. చెబితే అన్న గుండె ఏమైపోతుందో. చెప్పకపోతే, రేపు బల్ల మీద పడుకోబెట్టినప్పుడు ఆ ఎర్ర సున్నా లోపలే ఉండిపోతుంది. అన్న సంగతి ఆయనది. నా సంగతి నేను చెప్పుకుంటాను అనుకుంది. గ్లాసులు కింద పెట్టింది.

“వెంకటప్పయ్య గారూ, ఆ బంటుని జరిపింది నేనండి.”

“ఏ బంటు?”

“ఆ రోజు మీరు ‘నిన్న ఇది ఇక్కడుందే’ అన్నారే, ఆ బంటు. తుడుస్తుంటే చెయ్యి జారి కింద పడింది. ఎక్కడిదో గుర్తు రాక ఆరులో పెట్టాను. అది ఏడులో ఉండాలి. మీ బుర్ర బాగానే ఉందండి. తప్పు నాది. తొమ్మిదేళ్ళు చెప్పలేకపోయాను.”

వీధిలో ఐసు బండివాడు గంట కొట్టుకుంటూ పోయాడు.

వెంకటప్పయ్య ముందు ఆమెను చూశాడు. తర్వాత బోర్డు చూశాడు. “ఏడులోనేగా ఉంది” అన్నాడు మెల్లగా, ఎవరితోనో కాదు, తనతోనే. “ఏడులోనే. నేను మంచం మీద పడుకుని కూడా అదే చూశాను.”

“రిబ్కా, బుక్కు తే” అన్నాడు మాస్టారు.

“ఎందుకన్నయ్యా, సంచి కట్టేశాను...”

“తే. నీకు ఎక్కడుందో తెలుసు. ఏ పేజీనో కూడా తెలుసు. స్టూలు మీద అంతసేపు కూర్చున్నావుగా.”

తెచ్చి ఇచ్చింది. ఆయన ఆ పేజీ తీసి వెంకటప్పయ్య ముందు పెట్టాడు. వెంకటప్పయ్య జేబులోంచి కళ్ళజోడు తీసుకుని, ఎర్ర సున్నాను, పక్కన రాతను చదివాడు. చదవడం అయ్యాక కూడా తలెత్తలేదు.

“నీకు తెలుసా?”

“ఆ పూట అనుమానమే. ఇంటికొచ్చి బుక్కు తీశాక అనుమానం లేదు. చెబితే దీని పని పోతుందనుకున్నాను. అది మొదటి రోజు మాట. రెండో రోజు నుంచి అదొక్కటే కాదు. మాస్టారు ఆ ఆటని ఓడగొట్టాడని అందరూ అన్నారు. బాగుంది వినడానికి. అదీ ఉంది.” ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. “ఏడులో ఉన్నా నేనే గెలిచేవాణ్ణని తేలితే, అప్పుడు చెప్పొచ్చనుకున్నా. తొమ్మిదేళ్ళు చూశాను. తేలలేదు.”

“తేలలేదా?”

“లేదు.”

వెంకటప్పయ్య లేచాడు. ఆయన నేరుగా దొడ్లో పంపు దగ్గరికి పోయి, మొహం కడుక్కుని, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. జేబులో చీటీలన్నీ తీసి, ఒక్కొక్కటీ చూసి, ఉండగా చుట్టి మామిడిపళ్ళ బుట్టలో గడ్డి కింద పడేశాడు.

“మీ ఇద్దర్నీ ఏం తిట్టాలో తెలీట్లా” అన్నాడు. “ఒకళ్ళకి కోత, ఒకళ్ళకి ఏడుపు. తిడదామన్నా తీరిక లేదు, నాలుగింటికి కారొస్తుంది.” పీట ముందు కూర్చున్నాడు. “పావులు పెట్టవయ్యా. బుక్కు చూసి పెట్టు, నీ మాట మీద కాదు. రిబ్కమ్మా, ఆ చివరి బంటు మాత్రం నువ్వు పెట్టు.”

మాస్టారు బుక్కు చూస్తూ ఒక్కొక్కటీ పెట్టాడు. రిబ్కమ్మ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, నల్ల బంటును తీసుకుని ఝ7లో పెట్టింది. పెట్టి, సరిగ్గా గడి మధ్యకు జరిపింది.

“ఇప్పుడు చూడు” అని వెంకటప్పయ్య గుర్రాన్ని ఎత్తి జ5 మీద దించాడు. తొమ్మిదేళ్ళు గాల్లో ఉన్న గుర్రం అది.

మాస్టారు మంత్రిని కాపలాకు తెచ్చాడు. వెంకటప్పయ్య శకటును ఛ7 మీద పడేశాడు. మాస్టారు తీసుకున్నాడు. తీసుకోక తప్పదు. ఇచ్చేసిన బంటు వదిలిన దారి వెంట వెంకటప్పయ్య ఏనుగు వచ్చి రాజుకు ఎదురుగా నిలబడింది.

“తలుపు తీశాను, గాలొస్తోందా?”

“వస్తోంది. నీ ఇంట్లోకి కూడా వస్తోంది, చూసుకో. నీ వెనక రాజు బనియన్తో నిలబడ్డాడు.”

“నిలబడనీ. వేసవికాలం.”

రిబ్కమ్మ గడపలో కూర్చుని చూసింది. అన్న మొహంలో ఆమెకు చాలా కాలంగా కనపడనిది కనపడింది. ఓడిపోతానేమోనన్న భయం. మామూలు ఆటగాడి భయం, ఇంకేమీ లేనిది. ఇద్దరూ మజ్జిగ మర్చిపోయారు. ఆమె రెండుసార్లు గుర్తు చేసి మానేసింది.

నాలుగు కాకముందే కారొచ్చింది. జయకర్ లోపలికొచ్చి, తండ్రి మొహం, బోర్డు చూశాడు.

“ఏంటి నాన్నా, ఇప్పుడా? లేవండి. మైలవరం దగ్గర రోడ్డు పని జరుగుతోంది, ఆలస్యమవుతుంది.”

“ఎత్తు ఆయనది. ఒక్క నిమిషం.”

జయకర్ వంగి చూశాడు. “ఫోన్లో పెడితే క్షణంలో చెప్తుందిగా, ఎవరు గెలుస్తారో.”

“నోరు ముయ్యరా!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

వెంకటప్పయ్య అయిదు నిమిషాలు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. “ఇక్కడ ఏదో ఉంది. కనపడుతూ కనపడట్లా. నాది ఒక శకటు పోయింది, బంటు పోయింది, అయినా ఏదో ఉంది.”

“లేదు. ఉంటే తొమ్మిదేళ్ళలో నాకు కనపడేది.”

“నువ్వు లేదని తేల్చడానికి చూశావు. నేను ఉందని చూస్తాను. వాయిదా.”

“వాయిదా” అన్నాడు మాస్టారు. బుక్కులో రాసుకున్నాడు. ఈసారి రెండుసార్లు సరిచూసుకున్నాడు. వెంకటప్పయ్య బుక్కు లాక్కుని తానూ ఒకసారి సరిచూశాడు.

లేచి నిలబడ్డారు. నిలబడితే ‘మీరు’ అనాలి. వెంకటప్పయ్య మాస్టారి భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు తొందరగా వచ్చెయ్యి. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటా” అన్నాడు.

సంచి రిబ్కమ్మే మోసుకెళ్ళి కారులో పెట్టింది. అన్న తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. తన భార్య గ్లోరి దగ్గరుండి చూసుకుంటుందని, ఇద్దరు ముగ్గుర్ని ఆసుపత్రిలో ఉండనివ్వరని, అందుకే మేనత్తను తీసుకెళ్ళడం లేదని జయకర్ మళ్ళీ చెప్పాడు. ఆమె తలూపింది. “వెళ్ళిరా అన్నయ్యా. వెళ్ళిరా” అని రెండుసార్లు అంది. కారు వీధి చివర మలుపు తిరిగేదాకా చూసింది. తిరిగాక కూడా ఆ మలుపునే చూస్తూ నిలబడింది.

వెంకటప్పయ్య అప్పటికి లోపలికి పోయి బోర్డు మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి వచ్చాడు. మోపెడ్ తీస్తూ, “రిబ్కమ్మా, కదపమాక. దుమ్ము పట్టినా సరే. వెళ్ళొస్తా” అన్నాడు.

“ఊఁ” అంది ఆమె, మలుపు వైపు నుంచి కళ్ళు తిప్పకుండా.

మనిషి ప్రయాణమై పోయాక ఇల్లు ఊడవకూడదంటారు. ఆమె చీపురు ముట్టుకోలేదు. మర్నాడు ఊడ్చింది గానీ, బోర్డున్న పీట చుట్టూ వదిలేసి ఊడ్చింది. పద్నాలుగున ఆపరేషన్ జరిగింది. ఆరు గంటలు పట్టిందట. ఆ ఆరు గంటలూ ఆమె గడపలోంచి లేవలేదు. సాయంత్రం జయకర్ ఫోను చేసి, బాగా జరిగిందని చెప్పాడు. నాలుగో రోజుకు మాస్టారే మాట్లాడాడు. గొంతు సన్నగా ఉంది. “గుడ్డ అలాగే ఉందా?” అని మొదటి మాట.

ఇరవై ఎనిమిదో తారీకు మధ్యాహ్నం వెంకటప్పయ్య ఫోను చేశాడు. వెనక తోటలో కాయ కోసేవాళ్ళ కేకలు వినపడుతున్నాయి.

“రిబ్కమ్మా, దొరికింది!”

“ఏంటండీ?”

“ఎత్తు! ఉందన్నానా లేదా? రాత్రి తట్టింది. చీటీ మీద రాసుకోలేదు, చూడు. పొద్దున లేచాక కూడా అలాగే ఉంది బుర్రలో, ఒక్క గడి తేడా లేకుండా.”

“నాకు చెప్పండి, అన్నయ్యకి చెప్తాను.”

“ఫోన్లో చెప్తే మజా ఏముంది? మాస్టారి మొహం చూస్తూ వెయ్యాలి. ఎప్పుడొస్తున్నాడు?”

“వచ్చే వారంలో పంపిస్తామన్నారండి.”

“అయితే వచ్చిన రోజే వస్తా. రసాలు అయిపోతయ్యి, బంగినపల్లి తెస్తాలే.”

ఏసోబు మాస్టారు జూన్ ఆరో తారీకు శుక్రవారం మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. సంచిలో మూడో లుంగీ మడత విప్పకుండా ఉంది. ఎవరూ ఆయనకు అప్పటిదాకా చెప్పలేదు. గుండె కుదుటపడేదాకా ఆగమని డాక్టరు అన్నాడని జయకర్ అన్నాడు. రిబ్కమ్మ ఆగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, గుడ్డ తీయకముందే చెప్పింది.

మే ఇరవై తొమ్మిది, గురువారం, పొద్దున ఎనిమిదింటికి, తోటలో కాయలు తూకం వేయిస్తూ నులక మంచం మీద కూర్చున్న వెంకటప్పయ్య కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. జేబులో చీటీలేవీ లేవని ఆయన కోడలు సౌజన్య చెప్పింది. మే పన్నెండు సాయంత్రం ఈ గుమ్మం దిగి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.